గంజి పెట్టిన నీడ

రాంగోపాల్‌పేట్‌ల పొద్దుగాల ఆరున్నరకు బుచ్చమ్మ తన బండి కాడ బొగ్గులు రాజేస్తె, గల్లీల సగం మందికి అదే గడియారం. ఆమె అట్టముక్కతోని విసిరే చప్పుడు వినవడంగనె పాలపాకెట్లకు పొయ్యెటోల్లు పోతరు, స్కూలు డ్రెస్సులు చంకల పెట్టుకోని తల్లులు ఉరికొస్తరు. "బుచ్చమ్మా, జెర నాది ఫస్టు చెయ్యి, ఎనిమిదింటికి ఎంఎంటీఎస్ రైలు అందుకోవాలె" అని ఒకలంటరు. "రోజూ నీదే ఫస్టా? మేము మనుషులం గాదా?" అని ఇంకొకలు లేస్తరు. బుచ్చమ్మ ఎవల మాటా వినది. ఏ మూట ముందొస్తె ఆ మూట ముందు విప్పుతది.

ఆమెకు ఒక్కటే పట్టింపు. మాసిన గుడ్డ ఎవల చేతికీ ఇయ్యది. తొవ్వల దొరికిన దస్తీ అయినా సరే, ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టినంకనే "గిది ఎవలదమ్మా?" అని అడుగుతది. మైల గుడ్డ ఎదుటోల్ల చేతిల పెడితె మన మైల వాల్లకు అంటించినట్టేనని చిన్నప్పుడు వాల్లత్త నేర్పిన బుద్ధి. పాణం పోయినా ఆ బుద్ధి పోదు. మంచి బుద్ధులు సుత మనిషిని ముంచుతయని అప్పటికి ఆమెకేం తెలుసు?

బుచ్చమ్మకు ఒక్కడే కొడుకు, కిషన్. మొగడు సచ్చినంక పోరన్ని సాకింది ఆమె తమ్ముడు తుకారాం. తుకారాంకు పెండ్లాం పిల్లలు లేరు. యాప్రాల్‌ల ఒక అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టే కాడ ఇస్త్రీ బల్ల ఏసుకున్నడు. కిషన్‌కు పని నేర్పింది, ఈత నేర్పింది, జొరమొస్తె ఎత్తుకోని దవాఖానకు ఉరికింది అంతా ఆయనే. "నా అల్లుడు చొక్కా మడత పెడితె దాని మీద చీమ నడిచినా జారాలె" అని మురిసేటోడు.

కిషన్‌కు ఇరవయ్యో ఏట నీడ ఊడుడు షురువయ్యింది. మొదటిసారి బస్‌స్టాప్ కాడ ఊడింది. ఈయన బస్సెక్కి పోయిండు, నీడ స్టాపుల్నే పడి ఉంది. పక్కింటి ప్రేమమణి టీచరమ్మ స్కూలు నుంచి వస్తా వస్తా చూసి, దులిపి, చేతి మీద ఏసుకోని తెచ్చింది. "బుచ్చమ్మా, మీవాడి నీడ కదా ఇది? ఎవరైనా తొక్కుతారని తెచ్చాను" అన్నది. బుచ్చమ్మ తీసుకోని దండెం మీద ఏసింది. అంతే. ఒకలకు ఫిట్స్ వస్తయి, ఒకలకు షుగరుంటది, బుచ్చమ్మ కొడుకుకు నీడ ఊడుతది. గల్లీల అందరికీ ఎరుకే.

నీడ లేనప్పుడు కిషన్ వేరే మనిషయితడు. కరెంటు తీగలు తన పేరు పెట్టి పిలుస్తున్నయంటడు. తాగే నీళ్ళల్ల ఎవరో మాటలు కలిపిండ్రంటడు. అట్లాంటప్పుడు బుచ్చమ్మ సర్కారు దవాఖానకు తోలుకపోతది. డాక్టరు కాళ్ళ దిక్కు చూసి, చీటీ మీద "నీడ: లేదు" అని రాసి మందులిస్తడు. పది పదిహేను దినాలు గోలీలు మింగితె ముందుగాల మడిమెల కాడ అంటుకుంటది, తర్వాత మెల్లగ అంతా కుదురుతది. కుదిరినంక కిషన్ బంగారం. మల్ల యాప్రాల్ పోతడు, మామ పక్కన నిలవడి ఇస్త్రీ చేస్తడు.

మూడేండ్ల కింద, పెండ్లిండ్ల నెల. ఒక సోమవారం బుచ్చమ్మ కిషన్‌ను తోలుకోని దవాఖానకు పోయింది. నీడ ఆ పొద్దుగాలనే ఊడి గల్లీ గోడ పొంటి పడ్డది. "తర్వాత తీస్త, అదేడికి పోతది" అనుకున్నది. దవాఖానల డాక్టరు చూసిండు, చీటీ రాసిండు. మందులిచ్చే కిటికీ కాడ మాత్రం చీటీ ఆడనే తీసి పెట్టుకోని, "స్టాకు లేదమ్మా, వచ్చే సోమవారం రా" అన్నరు.

"బయట కొంటమంటె ఏం పేరు సారూ?"

"బయట సుత దొరుకుత లేదు. వారమే గద, ఏం కాదు పో."

ఏం కాదు. ఆ మాట అన్నాయన పేరు సుత ఎవలకూ తెల్వదు. తర్వాత కోర్టుల ఎంతోమందిని బోనెక్కించిండ్రు గని, ఆ కిటికీని ఎవలూ బోనెక్కించలే.

నాలుగు దినాలు కిషన్ ఇంట్లనే మూలకు కూసున్నడు. బుచ్చమ్మకేమో పెండ్లి చీరెల మూటలు ఇంటి కప్పు దాక. నీడ గోడ పొంటి అట్లనే పడి ఉంది. దుమ్ము పేరుకున్నది, సైకిల్ టైరు ఎక్కిపోయింది, పావురాలు రెట్టలేసినయి, ఎవలో చాయ్ ఒలకబోసిండ్రు. శుక్రవారం పొద్దుగాల బుచ్చమ్మ మూట ఇయ్యనీకె పొయ్యొచ్చే వరకు కిషన్ ఇంట్ల లేడు.

యాప్రాల్‌ల తుకారాం అల్లున్ని చూసి సంబురపడ్డడు. అల్లుని కాళ్ళ దిక్కు చూసిండో లేదో, సెల్లారుల చీకటికి కనిపించలేదో, ఏమో మరి. "రా అల్లుడా, చాయ్ తాగుదువు" అని ఇటు తిరిగి ఫ్లాస్కు వంచిండు. కిషన్ నిండు బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎత్తి మామ తల మీద కొట్టిండు. ఒక్కటే దెబ్బ. కొట్టినంక పెట్టెను తీసుకపోయి దాని రేకు మీద నిలవెట్టిండు. మిగిలిన చొక్కాలు నాలుగు మడత పెట్టిండు. వాచ్‌మన్ మొత్తుకుంటె, "మెల్లగ మాట్లాడు, మామ గొంతుల ఎవలో దూరిండ్రు, ఇప్పుడే ఎల్లిపోయిండ్రు. మామ లేస్తడు" అన్నడట.

తమ్ముడు మార్చురీల, కొడుకు లాకప్పుల. ఏడ్వాల్నంటె ఎవల కోసం ముందేడ్వాలె? తెల్లారి ఎస్సై వచ్చిండు. చెడ్డోడేం గాదు, నెమ్మదిగనే మాట్లాడిండు.

"అమ్మా, మీవాని నీడ ఊడుతదట గద. కేసుకు కావాలె. రేపు పదింటికి స్టేషన్ల అప్పగించు."

"ఇస్త సారూ."

ఎస్సై బండెక్కి పోయిండు. పంచనామా రాసి అప్పటికప్పుడే తీసుకపోవాలె అసలు. ఆయన తియ్యలే, ఆమెకు తెల్వదు. బుచ్చమ్మ గోడ కాడికి పోయి నీడను ఎత్తింది. ఎంత మాసింది నా కొడుకు నీడ! పోలీసోల్ల చేతిల, సర్కారు చేతిల గిట్లాంటిది పెడుతరా ఎవలన్న? మనిషికి ఏడుపు వస్తది గని చేతులకు రాదు, చేతులకు పనే వస్తది. రెండు బకెట్ల నీళ్ళు పెట్టింది. సబ్బు పెట్టి టైరు గుర్తు పొయ్యేదాక రుద్దింది. పావురాల రెట్టలు గోటితోని గీకింది. నీలి మందుల ముంచి, గంజి పెట్టి, ఎండకేసి, ఆరినంక ఇస్త్రీ చేసింది. నాలుగు మడతలేసి, పేపర్ల చుట్టి, దారం కట్టింది. తెల్లారి పదింటికి స్టేషన్ల టేబుల్ మీద రెండు చేతులతోని పెట్టింది.

"మంచిగ ఉతికిన సారూ" అన్నది.

ఎస్సై తలకాయ పట్టుకున్నడు.

కోర్టుల కేసు మూడేండ్లు నడిచింది. పేదోల్లకు సర్కారు ఇచ్చే వకీలుగ క్యారల్ మేడం వచ్చింది. చిన్న వయసే, గని మనసు పెట్టింది. బుచ్చమ్మను కూసోబెట్టి అర్థమయ్యేటట్టు చెప్పింది.

"చూడండమ్మా, కొట్టింది కిషనే. దాని గురించి గొడవ లేదు. కానీ కొట్టేటప్పుడు తానేం చేస్తున్నాడో తనకు తెలియకపోతే చట్టం దాన్ని నేరం అనదు. జైలుకు కాదు, దవాఖానకు పంపిస్తుంది. బాగయ్యాక ఇంటికి వస్తాడు. తెలియదని మాత్రం మనమే చూపించాలి."

"తెల్వదు మేడం, వానికి నీడనే లేకుండె! నాలుగు దినాల సంది గోడ కాడనే పడి ఉండె."

"అదే, నాలుగు రోజుల నుంచి పడి ఉందని ఎలా చూపిస్తాం? ఆ దుమ్మే మన సాక్ష్యం."

బుచ్చమ్మకు అప్పుడు తెలిసింది తానేం చేసిందో. నోట్ల కొంగు కుక్కుకున్నది.

సర్కారు తరఫు వకీలు వేణుమాధవ్ గారు పేరున్న మనిషి. గొంతు పెంచడు, నవ్వుకుంటనే నరుకుతడు. నీడను జడ్జి ముందట బల్ల మీద పరిపించిండు. అది తళతళ మెరుస్తున్నది. గంజికి అంచులు నిటారుగ నిలవడ్డయి.

"అయ్యా, నీడ లేని రోజులు ముద్దాయికి ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను, ఊరంతా ఎరిగిందే. కానీ ఆ శుక్రవారం, ఆ గంటకు లేదని ఎవరు చెప్పగలరు? దీని మీద దుమ్ము కణం లేదు. హత్య చేశాక లాకప్పులో విప్పి తల్లికి ఇచ్చి ఉండొచ్చు. తల్లి సాక్ష్యం కడిగేసింది. ఊరికే కడగలేదు, గంజి కూడా పెట్టింది."

కోర్టుల కొందరు నవ్విండ్రు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటె చుట్టకు నిప్పడిగేటోల్లు ఏడనైనా ఉంటరు.

ప్రేమమణి టీచరమ్మ బోనెక్కి, పాపం, అబద్ధం చెప్పలేకపోయింది. "గోడ పక్కన చూశానండీ. ఆ వారమో, ముందు వారమో... తరచుగా పడి ఉంటుంది కదా, తేదీ గుర్తు పెట్టుకోలేదు" అన్నది.

చివరికి వేణుమాధవ్ గారు బుచ్చమ్మను అడిగిండు. "అమ్మా, కొట్టిన తర్వాత మీ అబ్బాయి ఇస్త్రీ పెట్టెను రేకు మీద పెట్టాడు. కింద పారెయ్యలేదు. ఎందుకంటారు?"

"కింద పెడితె గుడ్డలు అంటుకుంటయి గద అయ్యా."

"అంటే గుడ్డలు అంటుకుంటాయని అతనికి తెలుసు."

"తెలుసయ్యా. అది వేరే, గిది వేరే. పెట్టెను రేకు మీద పెట్టుడు మా చేతులకు తెలుసు. మాకు తెల్వనవసరం లేదు."

"రాసుకోండి," అన్నడు వేణుమాధవ్ గారు. "తెలుసు అంటున్నారు."

అంతే రాసుకున్నరు. ఆ ముందటిది రాయలే, వెనుకటిది రాయలే. యావజ్జీవం పడ్డది. తీర్పు ఆఖరు పేజీల ఇంకో ముక్క ఉండె. కేసు సామానుల రెండో నంబరు, అంటే ముద్దాయి నీడ, విలువ లేని వస్తువు గనుక అప్పీలు గడువు తీరినంక కాల్చేయవలెను.

జైల్ల కిషన్‌కు మందులు మాత్రం టైముకు ఇచ్చిండ్రు, ఆ మాట చెప్పుకోవాలె. ఒక్క పూట తప్పలే. గని నీడ కోర్టు సామాను కొట్టుల తాళం కింద ఉండె. అప్పుడు నీడ ఉండంగ మందులు లేవు, ఇప్పుడు మందులుండంగ నీడ లేదు. కిషన్ అరుస్తలేడు, తీగలతోని మాట్లాడుతలేడు. తినుమంటె తింటడు, పండుమంటె పండుతడు. కోర్టుల అన్న మాట ఒక్కటి సుత వాని తలకెక్కలే. ములాఖత్‌కు పోయినప్పుడల్ల అద్దం అవతలికెల్లి ఒక్కటే అడుగుతడు.

"అమ్మా, మామ ఎందుకొస్తలేడే? నా మీద కోపమైందా?"

"పని మస్తున్నది కొడుకా. పెండ్లిండ్ల నెల గద."

మూడేండ్లు బుచ్చమ్మ తమ్మున్ని గిట్ల బతికించింది. వారానికొక్కసారి, అద్దం ముందట, పది నిమిషాలు.

తీర్పు వచ్చిన పదకొండో దినం క్యారల్ మేడం ఆటో దిగి ఉరికొచ్చింది. ఏండ్ల కింద దవాఖానకు పెట్టుకున్న సమాచార హక్కు దరఖాస్తుకు అప్పుడు జవాబొచ్చింది. ఆ సోమవారం రిజిస్టరు పేజీ నకలు. కిషన్ పేరు, "నీడ: లేదు", పక్కన "మందులు: స్టాకు లేదు", డాక్టరు సంతకం, తేదీ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు వచ్చింది గని, మొరిగింది గద!

"ఇది చాలమ్మా. హైకోర్టులో ఇది పెడితే కిషన్ కచ్చితంగా దవాఖానకు వెళ్తాడు, అక్కడి నుంచి ఇంటికి. అప్పీలు కాగితాల మీద కిషన్ సంతకం ఒక్కటి కావాలి."

"పోదాం పట్టు మేడం, ఇయ్యాల్నే."

"అక్కడే ఉంది చిక్కు. దేని మీద సంతకం పెడుతున్నాడో అతనికి తెలుసని జైలు డాక్టర్ రాయాలి. నీడ లేకుండా ఆయన రాయనంటున్నాడు."

ఇగ మీరే చెప్పుండ్రి. ఏం చేస్తున్నడో తెలిసే చేసిండని యావజ్జీవ శిక్ష ఏసిండ్రు. ఆ శిక్ష తప్పని సంతకం పెట్టనీకె మాత్రం వానికి తెలివి లేదట. బుచ్చమ్మ చదువుకోలేదు గని అది విని నవ్వింది. తమ్ముడు పోయినంక నవ్వుడు అదే మొదటిసారి, అది నవ్వు సుత గాదు.

క్యారల్ మేడం ఇంకో దరఖాస్తు పెట్టింది. ఎట్లా కాల్చేసేదే గద, తల్లికి ఇయ్యుండ్రని. ఎవలూ అడ్డం చెప్పలే. విలువ లేని వస్తువు కోసం కొట్లాడేటోడెవడు? సామాను కొట్టుల గుమస్తా బుచ్చమ్మ వేలిముద్ర తీసుకోని మూట చేతిల పెట్టిండు. ఒక అంచు ఎలుక కొరికింది. ముక్కిన వాసన కొడుతున్నది. బుచ్చమ్మ ముక్కు దగ్గర పెట్టుకోని చూసి, వకీలు మేడం మొఖం చూసింది.

"వద్దమ్మా," అన్నది క్యారల్ నెమ్మదిగ. "ఈసారి ఉతకకండి."

బుచ్చమ్మకు సిగ్గుతోని పాణం పోయినట్టయింది. మాసిన నీడనే సంకకు పెట్టుకోని జైలుకు పోయింది.

సంతకం పని గనుక ఆ దినం అద్దం లేదు. ఒక రూములకు తోలిండ్రు. కిటికీకెల్లి ఎండ పడుతున్నది. జైలు డాక్టరు ఒక కుర్చీల కూసున్నడు. కిషన్‌ను తెచ్చిండ్రు. మూడేండ్లకు కొడుకు చెయ్యి చేతికి దొరికింది బుచ్చమ్మకు. ఎంత చల్లగున్నదో.

"మామ రాలేదా?" అన్నడు కిషన్.

బుచ్చమ్మ మూట విప్పి నీడను నేల మీద పరిచి, చేత్తోని ముడతలు సదిరింది. "ఎక్కు కొడుకా" అన్నది. కిషన్ ఎక్కిండు. మూడేండ్ల మందు ఒంట్ల ఉండె గద, మడిమెల కాడ టక్కున అంటుకున్నది. చూస్తుండంగనె నడుము దాక, భుజాల దాక కుదిరింది. ఎలుక కొరికిన కాడ చెవ్వు జెర పొట్టిగ ఉంది, అంతే. డాక్టరు వంగి చూసి, కాగితం మీద "నీడ: ఉంది" అని రాసిండు. క్యారల్ మేడం కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. పెన్ను మూత తీసి కిషన్ చేతిల పెట్టింది.

కిషన్ పెన్నును చూడలే. పెన్ను పట్టుకున్న చెయ్యిని చూసుకున్నడు.

"అమ్మా," అన్నడు. "మామ చాయ్ పోస్తుండె."

"కొడుకా..."

"నా కోసమే పోస్తుండె. నా దిక్కు తిరిగి ఉండె." కిషన్ గొంతు మారింది. మూడేండ్ల కింద ఎట్లుండెనో గట్ల, నిండు గొంతు. ఆ గొంతు కోసం బుచ్చమ్మ మొక్కని దేవుడు లేడు. "మెల్లగ పడ్డడమ్మా. చొక్కాల మీద పడకుంట, పక్కకు పడ్డడు. నువ్వు మూడేండ్ల సంది నాకు అబద్ధం చెప్పినవా?"

బుచ్చమ్మ కింద కూసున్నది.

"కిషన్, నా మాట విను," అన్నది క్యారల్. "నువ్వు తెలిసి చేయలేదు. మందు లేక, నీడ లేక చేశావు. చట్టం ప్రకారం అది నేరం కాదు. ఇక్కడ సంతకం పెట్టు, చాలు."

"అప్పుడు తెల్వదు మేడం. ఇప్పుడు తెలిసింది గద."

"కోర్టు అప్పటి సంగతే అడుగుతుంది, కిషన్. ఇప్పటి సంగతి అడగదు."

"మామ ఇప్పుడు సుత లేడు గద మేడం."

కిషన్ పెన్నుకు మూత పెట్టిండు. రెండు చేతులతోని, మర్యాదగ, మేడంకు తిరిగి ఇచ్చిండు.

"నేను పెట్ట. నన్ను ఈడనే ఉండనియ్యుండ్రి."

"పెట్టుర నాయినా," అన్నది బుచ్చమ్మ. "నీ కాళ్ళు మొక్కుత. తమ్ముడు పోయిండు, నువ్వు సుత పోతె నేనెవల కోసం బొగ్గులు రాజెయ్యాలె? మామ ఉంటె పెట్టుమనకపోవునా?"

"అంటుండె. మామ మంచోడు గద." అంటనే కిషన్ మొఖం అదిరింది. గోడకు ఆనుకోని, పసిపిల్లగాడు ఏడ్చినట్టు, దాపరికం లేకుంట ఏడ్చిండు. మూడేండ్ల కింద ఏడ్వాల్సిన ఏడుపు. జైలు డాక్టరు కుర్చీలకెల్లి లేసి బయటికి పోయిండు.

ఆ ఏడుపు చూస్తా చూస్తా బుచ్చమ్మకు ఒకటే తోచింది. ఇందాక ఈ పోరడు మామ రాలేదా అని మాత్రమే అడిగిండు. దేవుడా, ఆ అడుగుడే మంచిగుండె. అప్పీలు గంగల కలవనీ, కోర్టులు మన్నైపోనీ, వీడు తెల్వకుంట ఉంటె చాలు. వారం వారం వచ్చి అబద్ధం చెప్పుకుంట బతుకుత. ఆమె నేల మీద పాక్కుంట పోయి నీడ అంచును రెండు చేతులతోని పట్టి గుంజవట్టింది. ఎలుక కొరికిన కాడ వేలు దూరింది, పట్టు దొరికింది.

కిషన్ రెండు కాళ్ళు అదిమి నిలవడ్డడు.

"గుంజకమ్మా," అన్నడు. "చినుగుతది."

ముప్పై ఏండ్ల పనిల బుచ్చమ్మ ఎవల గుడ్డా చింపలే. చేతులు వాటంతటవే వదిలేసినయి.